గట్టు మీంచి బ్లాక్‌బోర్డు దాకా: ఓఆర్ కథ

(పాలకొల్లులో డిగ్రీ, పీజీ స్టాటిస్టిక్స్ పిల్లల కోసం పెట్టిన సాయంత్రం సభలో ఒక రిటైర్డ్ లెక్చరర్ మాట్లాడింది. ఫోన్లో రికార్డు చేసి ఉన్నదున్నట్టు టైప్ చేశాం. కరెంటు పోయినప్పుడు మైకు పోయింది, అక్కడ కొంచెం పోయింది.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నోళ్ళకి వినపడతందా? ఆయ్, చెయ్యెత్తేరు, చాలు.

లేటయినందుకు ఏమీ అనుకోకండి. మాది సఖినేటిపల్లి వైపు. చించినాడ వంతెన మీంచి వస్తే టయానికే వచ్చేసేవాణ్ణి, కానీ ఎల్లాగూ క్యూల గురించి మాట్లాడాలి కదాని పంటు మీద వచ్చేను. రేవులో నిలబడి బళ్ళు లెక్కపెట్టేను. పక్కనున్నాయన "ఏవండీ, సర్వేయా?" అన్నాడు. "కాదండీ, రిటైరయిపోయాను, అలవాటు" అన్నాను. "అయితే మా బండి కూడా వేసుకోండి" అన్నాడు. వేసుకున్నాను.

సరే. మీకు ఓఆర్, అదే ఆపరేషన్స్ రీసెర్చ్, ఒక పని ఎల్లా చేస్తే మేలో లెక్కగట్టి చూసే సబ్జెక్టు, ఆ పేపరు ఉంది కదా. మొదటి రోజు మీ సారు ఏం చెప్పేరు? మాగ్జిమైజ్ జెడ్ ఈక్వల్ టు మూడు ఎక్స్ వన్ ప్లస్ అయిదు ఎక్స్ టూ, అంటే లాభం ఎంత ఎక్కువ తేవచ్చో చూసే లెక్క, అంతే కదా? ఆ జెడ్ ఎవరిది, ఆ మూడు ఎవడు కొలిచేడు, ఆ అయిదు ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఎవరన్నా అడిగేరా? అడగరు, నేనూ ముప్ఫై ఏళ్ళు అల్లాగే చెప్పేను, ఆ లెక్క తేల్చే సింప్లెక్స్ టేబుల్ గీయించేను, పిల్లలకి మార్కులొచ్చినయ్, నాకు మంచి పేరొచ్చింది. ఇవాళ వచ్చింది ఎందుకంటే ఈ సబ్జెక్టు పుట్టినప్పుడు అందులో టేబులే లేదండి, గట్టు మీద నుంచుని చూడ్డం ఒక్కటే ఉంది. ఆ కథ చెప్పి వెళ్ళిపోతాను.

1930ల చివర్లో ఇంగ్లాండులో సఫోక్ అని సముద్రం ఒడ్డు జిల్లా, అక్కడ బాడ్సీ మేనర్ అని ఓ పాత బంగళా. అందులో రాడార్ మీద పని జరుగుతుంది. రాడార్ పనిచేస్తంది, విమానం దూరంగా ఉండగానే తెలిసిపోతంది. కానీ స్టేషన్లు పెరిగేకొద్దీ ఒకడు ఉత్తరం అంటాడు, ఇంకోడు తూర్పు అంటాడు, ఒకే విమానాన్ని ఇద్దరు రెండుగా చెప్తారు. మన ఊళ్ళో కాలవకి గండి పడితే నాలుగు ఫోన్లు వచ్చినట్టు, నాలుగూ నాలుగు గండ్లేమో అనుకుంటాం, తీరా వెళ్తే ఒకటే ఉంటది. అంటే మిషను బాగానే ఉంది, దాన్ని వాడే పద్ధతి బాగోలేదు. 1938లో అక్కడి సూపరింటెండెంటు ఏ.పి. రో ఏమన్నాడంటే, పరికరం మీద రీసెర్చి సరే, ఇక ఆపరేషన్ల మీద కూడా రీసెర్చి చెయ్యాలి అన్నాడు. అదీ పేరు. ఆపరేషనల్ రీసెర్చ్. ఇంగ్లాండోళ్ళు ఇప్పటికీ అల్లాగే అంటారు, అమెరికా వెళ్ళేసరికి ఆపరేషన్స్ అయింది. మహాభారతంలో ఉంది, అర్థశాస్త్రంలో ఉంది అని వాట్సాప్‌లో వస్తా ఉంటాయి, ప్లాను వేసిన ప్రతివాడూ ఓఆర్ చేసినట్టయితే మా అమ్మ కార్తీక మాసం వంటంతా ఓఆరే. కాటన్ దొర ఆనకట్ట కూడా నేను ఇందులో కలపను. 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు ముక్కలుగా కట్టేడు మహానుభావుడు, మనం ఇవాళ అన్నం తింటన్నామంటే ఆయన పుణ్యం, కానీ అది ఇంజనీరింగు. కట్టింతర్వాత శివారు చేలకి నీళ్ళు ఎందుకు అందట్లేదు అని గట్టెంబడి నడిచి లెక్కరాసుకుంటే, అప్పుడది నేను చెప్పే సరుకు.

యుద్ధం మొదలైంది. ప్యాట్రిక్ బ్లాకెట్ అని ఫిజిక్సాయన, తర్వాత 1948లో నోబెల్ కూడా వచ్చింది. 1940లో విమానాల్ని కూల్చే ఫిరంగుల విభాగంలో ఆయన్ని వేశారు. ఆయన జట్టు చూడండి, పదకొండు మంది. ముగ్గురు ఫిజియాలజీ వాళ్ళు, ఇద్దరు మ్యాథమెటికల్ ఫిజిక్సు, ఒకడు నక్షత్రాల ఫిజిక్సు, ఒక ఆర్మీ ఆఫీసరు, ఒక సర్వేయరు, ఒకడు మామూలు ఫిజిక్సు, ఇద్దరు లెక్కలోళ్ళు. అందరూ దీన్ని బ్లాకెట్ సర్కస్ అనేవారు. ఓఆర్ చదివినోడు ఒక్కడూ లేడు, ఉండడానికి ఆ చదువే లేదు.

వాళ్ళు చేసింది ఏంటంటే, ఒక విమానం పడాలంటే ఎన్ని గుళ్ళు పేల్చాల్సి వస్తంది అని లెక్క. మొదట్లో ఇరవై వేలు. 1941 ఎండాకాలానికి నాలుగు వేలకి దిగింది. అందులో ఒక ముచ్చట ఉంది, నాకు చాలా ఇష్టం. సముద్రం ఒడ్డునున్న ఫిరంగులు లోపలున్న వాటికంటే సగం గుళ్ళతోనే విమానాన్ని కూలుస్తన్నాయని కాగితాల్లో కనపడింది. ఎందుకు? వీళ్ళకి ట్రైనింగ్ బాగుందా, సముద్రం మీద రాడార్ బాగా పనిచేస్తందా, జర్మనోళ్ళు అక్కడ కిందకి ఎగురుతున్నారా, అన్నీ ఆలోచించేరు. చివరికి తేలిందేంటయ్యా అంటే, లోపల "విమానం కూల్చేం" అంటే శకలాలు చూపించాలి, నేల మీద పడుంటాయి కాబట్టి ఎవడన్నా వెళ్ళి చూస్తాడు. ఒడ్డునోడు కూల్చేనంటే అది సముద్రంలో పడిందంటాడు, ఎవడెళ్ళి చూస్తాడు? (నవ్వులు) మన అంతర్వేది దగ్గర తప్పించుకుపోయిన చేప ఎంతుంటదో మీకు తెలుసు కదండి. డేటా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా దానికి గీత కలిపే లెక్క, రిగ్రెషన్, పెట్టెయ్యకండి, అదీ విషయం.

తర్వాత 1941లో బ్లాకెట్ సముద్రం మీద తిరిగే విమానాల విభాగానికి వెళ్ళేడు, కోస్టల్ కమాండ్. జర్మన్ సబ్‌మెరైన్లు సరుకు ఓడల్ని ముంచేస్తన్నాయి. మన విమానం పైనుంచి చూసి డెప్త్ ఛార్జి అని నీళ్ళలో పేలే బాంబు వేస్తది. అది ఎంత లోతులో పేలాలో ముందే సెట్ చెయ్యాలి, వంద అడుగులకి చేసేవారు. లాజిక్కు బాగానే ఉంది, విమానాన్ని చూసి సబ్‌మెరైన్ మునుగుతది, మనం వెళ్ళేసరికి సగటున వంద అడుగుల కిందుంటది, కాబట్టి వంద. ఇ.జె. విలియమ్స్ అని ఫిజిక్సాయన దాడుల రిపోర్టులు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ సగటుని ఆయన విడగొట్టేడండి. సబ్‌మెరైన్ ముందే మనల్ని చూసిందనుకోండి, అది వంద అడుగులకి దిగిపోయిందన్నది నిజమే, కానీ దిగి ఎటు తిరిగిందో ఎవడికి తెలుసు, బాంబు ఎక్కడో వేస్తారు, తగలదు. మనల్ని లేటుగా చూసిందనుకోండి, ఇంకా పైనే ఉంది, ఎక్కడుందో కళ్ళకి కనపడతంది, సరిగ్గా దాని మీదే వేస్తారు, బాంబు మాత్రం దాన్ని దాటి వంద అడుగుల కిందకెళ్ళి పేలతది. దాని దెబ్బ ఇరవై అడుగుల దూరం కంటే గట్టిగా ఉండదు. అంటే తగిలే అవకాశం ఉన్నచోట లోతు తప్పు, లోతు కరెక్టయిన చోట అవకాశమే లేదు. పాతిక అడుగులకి సెట్ చెయ్యండి అన్నాడు. కొత్త విమానం లేదు, కొత్త మందు లేదు, ఒక అంకె మార్చేరు. పట్టుబడ్డ జర్మన్ నావికులు, ఇంగ్లీషోళ్ళు ఏదో కొత్త పవర్‌ఫుల్ పేలుడు మందు కనిపెట్టేరనుకున్నారంట.

ఇందులో లెక్క ఎంతుందండి? ఏడో క్లాసు పిల్లాడికి చెప్పొచ్చు. కష్టమంతా ఆ సగటుని నమ్మకపోవడంలో ఉంది.

ఇంకోటి, ఓడల గుంపులు. సరుకు ఓడల్ని గుంపుగా పంపి చుట్టూ కాపలా ఓడలు పెట్టేవారు. గుంపు చిన్నదయితే మేలు అని నేవీ నమ్మకం. బ్లాకెట్ వాళ్ళు పాత లెక్కలు తీస్తే, పెద్ద గుంపుల్లో నూటికి పోయేవి తక్కువ. ఎందుకనేది మనోళ్ళకి బాగా తెలియాలి. కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు దిగుతాయి కదా, రెండొందల బాతుల్ని ఇద్దరు తోలతారు. నాలుగొందలుంటే నలుగురు అక్కర్లేదు. మంద రెట్టింపయితే దాని చుట్టుకొలత రెట్టింపవ్వదు, కాపలా చుట్టూనే ఉంటది కాబట్టి. అట్టాగే ఓడలు. 1943కి నేవీ ఒప్పుకుంది.

అమెరికాలో ఇదే పని మొదలెట్టింది ఎంఐటీ ఫిలిప్ మోర్స్, 1942లో, అదీ సబ్‌మెరైన్లతోనే. కొలంబియా యూనివర్సిటీలో అబ్రహాం వాల్డ్ అని స్టాటిస్టిక్సు మహానుభావుడు, తిరిగొచ్చిన విమానాలకి బెజ్జాలు లేని చోట కవచం వెయ్యాలి అన్నాయన, అక్కడ దెబ్బ తగిలినవి తిరిగే రాలేదు కాబట్టి. ఆ ఎర్ర చుక్కల విమానం బొమ్మ మీ అందరి ఫోన్లలో ఉంటది, ఆ బొమ్మ తర్వాతెవరో వేసింది, ఆయన రాసినవి పేజీల కొద్దీ లెక్కలు. ఒక్క మాట చెప్పాలి, విమానాలు ఎల్లా బతుకుతాయో లెక్కగట్టిన ఆ మనిషి మన దేశం వచ్చి, 1950 డిసెంబరులో నీలగిరి కొండల్లో విమానం కూలి భార్యతో సహా పోయేడు. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా ఒక నిమిషం ఆగేవాణ్ణి.

(ఇక్కడ కరెంటు పోయింది. ఓ పది నిమిషాలు మైకు లేదు.)

... ఆఁ, వచ్చింది. యుద్ధం అయిపోయింది, ఈ జనం ఎక్కడికి పోవాలి? బ్లాకెట్ చక్కగా తన ఫిజిక్సుకి తను వెళ్ళిపోయేడు. ఇంగ్లాండులో మిగతావాళ్ళు బొగ్గు గనుల్లోకీ స్టీలు ఫ్యాక్టరీల్లోకీ దూరేరు. 1948లో లండన్లో ఒక క్లబ్బు పెట్టుకున్నారు, 1950లో ఈ సబ్జెక్టుకి మొదటి పత్రిక తెచ్చేరు. అమెరికాలో యూనివర్సిటీలు పట్టుకున్నాయి. 1952లో సొసైటీ, మోర్స్ మొదటి ప్రెసిడెంటు. క్లీవ్‌లాండ్‌లో కేస్ ఇన్‌స్టిట్యూట్‌లో చర్చ్‌మన్, ఏకాఫ్ ఇద్దరూ కలిసి డిగ్రీలు మొదలెట్టేరు. ఆ ఇద్దరూ ఫిలాసఫీ చదివినోళ్ళండి, మీరు నమ్మరు.

సబ్జెక్టు అవ్వాలంటే ఒక పనిముట్టు కావాలి కదా, సెమిస్టరంతా చెప్పడానికి. అది 1947లో దొరికింది. జార్జి డాంట్‌జిగ్, అమెరికా వైమానిక దళంలో పని, సింప్లెక్స్ పద్ధతి. ఉన్న షరతుల్లోనే లాభం ఎక్కువగానో ఖర్చు తక్కువగానో వచ్చే దారి వెతికే లెక్కకి పనిముట్టు అది, ఆ లెక్కని లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. ప్రోగ్రామింగ్ అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్ కాదండోయ్, మిలటరీలో ఎవరికి ఎప్పుడు ఏం సరుకు వెళ్ళాలనే ప్లానుని ప్రోగ్రామ్ అనేవారు, అదీ లీనియర్ ప్రోగ్రామింగ్‌లో ప్రోగ్రామింగ్.

దీన్ని మొదట పరీక్ష పెట్టింది తిండి మీద. స్టిగ్లర్ అని ఎకనామిక్సాయన 1945లో ఒక లెక్క రాసేడు, డెబ్భై ఏడు రకాల తిండి, తొమ్మిది పోషకాలు, మనిషి ఏడాదంతా బతకడానికి అతి చవగ్గా ఎంతవుతది అని. ఆయన తెలివితో, ఉజ్జాయింపుగా 39.93 డాలర్లు అని తేల్చేడు, 1939 ధరల్లో. గోధుమపిండి, డబ్బా పాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు, అంతే మెనూ. మన భీమవరమోణ్ణి ఆ భోజనానికి పిలిస్తే గొడవైపోద్ది. సింప్లెక్స్ వచ్చాక చేత్తో తిప్పే కాలిక్యులేటర్ల మీద గుమస్తాలు నూట ఇరవై పనిదినాలు కష్టపడి కడితే 39.69 వచ్చింది. ఆయన ఉజ్జాయింపుకి ఇరవై నాలుగు సెంట్ల తేడా!

అసలు కామెడీ తర్వాతది. డాంట్‌జిగ్ గారికి డాక్టరు ఒళ్ళు తగ్గమన్నాడు. ఈయన కంప్యూటర్లో తిండి ప్లాను వేసుకున్నాడు, కడుపు నిండినట్టుండాలి, కేలరీలు తక్కువుండాలి అని. కంప్యూటరు ఏమందంటే వందల గాలన్ల వెనిగర్ తాగమంది. వెనిగర్ తీసేసి మళ్ళీ నడిపితే, సూపు కలుపుకునే ఉప్పు బిళ్ళలు రోజుకి రెండొందలు వెయ్యమంది. ఆ ఉప్పుకి మనిషి చస్తాడు. ఎందుకొచ్చింది? ఎక్కువ తినకూడదు అనే షరతు ఎవడూ రాయలేదు, మనుషులు అంత తాగరు కాబట్టి. పద్ధతి తప్పు కాదు, మనకి మరీ తెలిసిన సంగతే కాగితమ్మీదకి రాలేదు. టేబుల్ గీసే ముందు ఈ కథ చెప్పాలి పిల్లలకి, నేను చెప్పలేదు, రిటైరయ్యాక చదివేను.

రష్యాలో కాంటరోవిచ్ అంతకంటే ముందే, 1939లోనే, ప్లైవుడ్ ఫ్యాక్టరీ మిషన్ల పని పంచడం కోసం ఇల్లాంటిదే కట్టేడు. బయటి ప్రపంచానికి చాన్నాళ్ళు తెలీలేదు. 1975లో ఆయనకీ, అమెరికాలో ఇదే దారిలో పనిచేసిన కూప్‌మన్స్‌కీ ఎకనామిక్సు నోబెల్ ఇచ్చేరు, డాంట్‌జిగ్‌కి ఇవ్వలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

క్యూల సిద్ధాంతం ఇంకా పాతది. 1909లో డెన్మార్కులో కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ అనాయన మొదలెట్టేడు. మన లెక్కలో చెప్పుకుందాం. దాళ్వా, అదే రెండో పంట ధాన్యం, మిల్లు దగ్గర కాటా. లారీ కాటా అవ్వడానికి సగటున నాలుగు నిమిషాలు, అంటే గంటకి పదిహేను. లారీలు గంటకి పన్నెండు వస్తాయి. కాటా ఖాళీగా కూడా ఉంటది కదా, మరి క్యూ ఎందుకు? రావడం ఎగుడుదిగుడు, కాటా కూడా ఎగుడుదిగుడు. అల్లాంటప్పుడు ఒక్కో లారీ సగటున పదహారు నిమిషాలు ఆగుతది. గంటకి పధ్నాలుగు వచ్చేయనుకోండి, రెండే పెరిగేయి, ఆగేది యాభై ఆరు నిమిషాలు! వాన మబ్బు పట్టిన రోజు అందరూ ఒకేసారి ఎందుకు తిట్టుకుంటారో ఇదీ కారణం, మిల్లువోడి కుట్ర ప్రతిసారీ ఉండదు.

ఇక మన దేశం. 1949లో హైదరాబాదులో రీజినల్ రీసెర్చి లేబరేటరీలో ఓఆర్ యూనిట్ పెట్టేరు, దేశంలో మొదటిదని పుస్తకాల్లో అదే రాస్తారు. 1953లో మహలనోబిస్ అని స్టాటిస్టిక్సు పెద్దాయన కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో జట్టు కట్టేడు, దేశం ప్లానింగ్ కోసం. 1957లో ఆపరేషనల్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా. 1963లో ఢిల్లీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. అక్కణ్ణుంచి బీకామ్‌కి, ఎంబీఏకి, ఇంజనీరింగుకి పాకి, మన పాలకొల్లు దాకా వచ్చింది. 1984లో నరేంద్ర కర్మార్కర్ బెల్ ల్యాబ్స్‌లో కొత్త పద్ధతి తెచ్చి సింప్లెక్స్‌కి పోటీ పెట్టేడు, అది మీ సిలబస్‌లో చివరి యూనిట్టు, ఎవరూ చెప్పరు, ఎవరూ చదవరు.

డిగ్రీలు పెట్టిన ఏకాఫ్ ఉన్నాడే, ఆయనే 1979లో లేచి, ఓఆర్‌కి భవిష్యత్తు అయిపోయింది అని రాసేడు. తను పెంచిన చెట్టు మీదే గొడ్డలి. ఆయన బాధ ఏంటంటే, మనం సమస్యల్ని వెతుక్కోవడం మానేశాం, మన దగ్గరున్న లెక్కలకి సరిపోయే సమస్యల్నే సమస్యలంటన్నాం అని. చాలామందికి కోపమొచ్చింది. నాకు సగం ఒప్పుకోబుద్ధవుతది. సగమే ఎందుకంటే, ఆ లెక్కలు లేకపోతే ఇవాళ విమానాల టైంటేబుళ్ళు, రిఫైనరీలు నడవవు, ఊరికే గట్టు మీద నుంచుంటే సరిపోదు.

నా సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. ఒక దాళ్వాకి, ఏ ఊరో వద్దులెండి, పదిమంది పిల్లల్ని తీసుకుని ధాన్యం కొనేచోటికి వెళ్ళేను. కాలేజీలో "ఇది సిలబస్‌లో ఉందా?" అన్నారు, లేదన్నాను, "మరి?" అన్నారు, ఆదివారం వెళ్తానన్నాను. మూడు ఆదివారాలు ట్రాక్టర్లు ఎప్పుడొచ్చేయి ఎప్పుడెళ్ళేయి రాసేం. ఎర్లాంగ్ సూత్రంలో వేశాం, రెండో కాటా పెడితే క్యూ సగానికి పైగా తగ్గుద్ది అని తేలింది. చక్కగా గ్రాఫు గీసి పట్టుకెళ్తే, అక్కడ హమాలీ మేస్త్రి, చదువుకోలేదు, కాగితం తిరగేసి చూసి "కాటా ఎందుకండీ, సంచుల్లేవు" అన్నాడు. ధాన్యం కళ్ళంలో ఉంది, మనుషులున్నారు, కాటా ఉంది, గోనె సంచులు మధ్యాన్నానికి అయిపోతాయి, సాయంత్రం వ్యానొచ్చేదాకా అందరూ కాటా ముందు నుంచుంటారు. మేం కాటా ముందు నుంచున్నారు కాబట్టి కాటా కోసం అనుకున్నాం. మూడు ఆదివారాలు పదిమంది అక్కడే ఉండి సంచుల కట్ట వైపు ఒక్కడూ చూళ్ళేదు, నాతో సహా. ఆ గ్రాఫు ఇప్పటికీ ఇంట్లో ఉంది.

ఇంక ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనకాల పెద్దాయన లేచేరు, ఏదో చెప్తారంట, మైకివ్వండమ్మా.

(వెనక నుంచి: నాకు ప్రశ్న లేదు బాబూ, మా మనవణ్ణి దింపడానికొచ్చేను. ఇందాక బాతులు అన్నారు కదా, నేను పదేళ్ళు తోలేను. నాలుగొందలకి ఇద్దరు చాలరండి.)

చాలరా? చుట్టుకొలత...

(పగలు ఇద్దరు చాలు, మీరన్నది నిజమే. రాత్రి వలలో పెట్టేక కుక్కలొస్తాయి, నక్కలొస్తాయి, ఒకడు మేలుకోవాలి. వాడు పొద్దున్న పడుకుంటాడు. ముగ్గురు.)

ముగ్గురు. (నవ్వులు, చప్పట్లు) ఏవమ్మా, రాసుకుంటన్నారా? కొట్టేసి ముగ్గురని వెయ్యండి. అయ్యా, మీరు వెళ్ళిపోకండి, ఇల్లా ముందుకొచ్చి కూర్చోండి, అయిదొందలయితే ఎంతమందో కూడా అడగాలి.